తెల్లబోర్డు మీద జోరీ బిళ్ళ

మా పెదనాన్న జోరీ నాన్‌కారో ఇంకా భూమి లోపలే ఉన్నాడు. పైన బోర్డు మాత్రం ఆయన పని ముగించుకుని ఇంటికి వెళ్ళిపోయాడని చెబుతోంది. అలా చెప్పేలా చేసినవాడు ఆయన సొంత తమ్ముడు హెడ్లీ. అంటే మా నాన్న.

మా బౌల్డర్ బంగారు గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. గనిలోకి దిగే బావి, అదే షాఫ్టు, దాని పక్కన రెండు బోర్డులు. దిగేముందు నీ బిళ్ళ తెల్లబోర్డు మీంచి తీసి ఎర్రబోర్డుకి తగిలించాలి. పైకొచ్చాక మళ్ళీ తెల్లబోర్డుకి మార్చాలి. షిఫ్టు చివర ఎర్రబోర్డు బోసిగా కనిపిస్తే కింద నరమానవుడు లేడని అర్థం. అది చూశాకే షిఫ్టు బాసు రాతిలో కూరిన మందు పేల్చమని చెబుతాడు. ఎవడి బిళ్ళ వాడే ముట్టుకోవాలి. ఇది గని రూలు.

మా ఇంట్లో ఇంకో రూలు ఉండేది. మా తాత కార్న్‌వాల్ తగరపు గనుల నుంచి ఓడెక్కి వచ్చినవాడు. అన్నదమ్ముల్లో ముందు బోర్డు దగ్గరికి చేరినవాడు రెండోవాడి బిళ్ళ కూడా మార్చి, రెండూ పక్కపక్కన తగిలించాలని ఆయన కొడుకులకు నేర్పాడు. అదొక మురిపెం ఆయనకి. మనుషుల్ని దించి ఎక్కించే ఇనుప బోను ఒకటుంటుంది, ఎలాగూ ఇద్దరూ అందులో కలిసే పైకొస్తారు కదా, ఒకడు స్నానాల గదికి పరుగెత్తుతుంటే ఇంకొకడు బోర్డు దగ్గర ఆగేవాడు. తెల్లబోర్డు మీద నాన్‌కారోల బిళ్ళలు ఒకదాన్నొకటి ఆనుకుని వేలాడుతుంటే జనం చూసి ముచ్చటపడేవాళ్ళు. షిఫ్టు బాసులు కూడా చూసీ చూడనట్టు పోయేవాళ్ళు.

ఆ రోజు బోను పైకొస్తుంటే, ఆ చీకట్లో, ఆ ఇరుకులో వెనక నుంచి ఎవరో మా నాన్న భుజం మీద చెయ్యి ఆనించారు. పెదనాన్న ఎప్పుడూ అలాగే ఆనించేవాడు. నాన్న వెనక్కి తిరిగి చూడలేదు. పైకి రాగానే రెండు బిళ్ళలూ మార్చేసి వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి ఎవరిదో ఇవాళ్టికీ తెలీదు. పెదనాన్న మాత్రం డ్రిల్లు చువ్వలు పేలుడుకి పాడైపోతాయని వాటిని తెచ్చుకోవడానికి కిందే వెనక్కి మళ్ళాడు.

ఎర్రబోర్డు బోసిగా ఉంది. మందు పేల్చారు.

పెదనాన్న చచ్చిపోలేదు. రాళ్ళ మధ్య కుడిచెయ్యి ఇరుక్కుపోయి, పొగ మింగుతూ, తర్వాతి షిఫ్టువాళ్ళు దిగేదాకా అక్కడే పడి ఉన్నాడు. అప్పటికి ఆయన ఈ బంగారు గనుల ప్రాంతమంతటికీ బాక్సింగ్‌లో మిడిల్‌వెయిట్ చాంపియన్. ఆ నెలాఖరుకి పెర్త్ వెళ్ళి రాష్ట్ర టైటిల్ కోసం ఆడాల్సినవాడు. ఆయన గెలుపులన్నీ ఆ కుడిచేతివే.

తర్వాత జరిగింది చాలా ఏళ్ళకు పెదనాన్నే నాకు చెప్పాడు. విచారణకి ముందురోజు మా నాయనమ్మ లవ్‌డే ఆసుపత్రికి వచ్చింది, నాన్నని వెంటబెట్టుకుని. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఐవీకి ఆరో నెల నాయనా" అంది. ఐవీ అంటే మా అమ్మ. "కంపెనీ ఇల్లు. వీడు నీ బిళ్ళ ముట్టుకున్నాడని తెలిస్తే ఉద్యోగం పోతుంది, ఇల్లూ పోతుంది. కడుపుతో ఉన్న పిల్లని వీధిలో పెట్టమంటావా?"

"చెయ్యి పోయింది నాదమ్మా."

"పోయిందేదో పోయింది. వాడిది కూడా పోతే నీ చెయ్యి తిరిగొస్తుందా? నీకా, పెళ్ళామా, పిల్లలా?"

"అబద్ధం చెప్పమంటున్నావు. ప్రార్థన మందిరంలో ముందు వరస కుర్చీ నీదే కదా."

"అబద్ధం చెప్పమన్నానా? ఏమీ చెప్పకు అంటున్నాను. బిడ్డ పుట్టనీ. వీడు కాస్త నిలదొక్కుకోనీ. అప్పుడు వీడే నలుగురిలో చెప్తాడు. చెప్పకపోతే నేను చెప్పిస్తాను."

నాన్న మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఏడుస్తున్నాడట. "ఒట్టు అన్నయ్యా. బిడ్డ మీద ఒట్టు" అన్నాడట.

ఆ బిడ్డని నేనే. పేరు డెంజిల్. నా మీద వేసిన మొదటి ఒట్టు అది. నేను పుట్టకముందే వేసిన ఆ ఒట్టు, నేను పుట్టాక అబద్ధమైపోయింది.

విచారణలో బిళ్ళ ఎవరు మార్చారని అడిగారు. నాన్న తనకు తెలీదన్నాడు. పెదనాన్న కట్టుకట్టిన చేతివైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంక మిగిలింది ఒకటే సమాధానం: జోరీ నాన్‌కారో పొద్దున్న దిగేటప్పుడే బిళ్ళ మార్చకుండా దిగాడు. గనిలో అంతకంటే పెద్ద తప్పు లేదు. అలాంటివాడు తన ప్రాణమే కాదు, వెతకడానికి దిగేవాళ్ళ ప్రాణాలు కూడా తీస్తాడు. ఉద్యోగంలోంచి తీసేశారు. తప్పు ఆయనదే కాబట్టి చేతికి పరిహారం లేదన్నారు.

నేను పుట్టాను. నాన్న నిలదొక్కుకున్నాడు. నాయనమ్మ ప్రతి శనివారం పాస్టీలు కాల్చేది. మాంసం, బంగాళదుంప కూరి, ఎవరిది వాళ్ళకి తెలిసేలా పిండితో పేరులో మొదటి అక్షరం మూల మీద అంటించేది. పెదనాన్న అక్షరం వేసిన పాస్టీ ఒకటి ఎప్పుడూ ఆయనకి పంపేది. ఆవిడ తన మాట నిలబెట్టుకోవడం అంతవరకే. నాకు ఊహ తెలిసేసరికి ఆవిడ పోయింది. నాన్న చేత ఏమీ చెప్పించకుండానే పోయింది.

బేకరీ వెనక, ఒకప్పుడు ఎడారి దారుల్లో సరుకు చేరవేసే అఫ్గాన్లు ఒంటెల్ని కట్టేసిన రేకుల కొట్టం ఒకటి పాడుబడి ఉండేది. పెదనాన్న దాన్ని బాగుచేసి బాక్సింగ్ జిమ్ము పెట్టాడు. గనిలో పారేసిన రబ్బరు బెల్టు తెచ్చి రింగు నేలకి పరిచాడు. సంచుల్లో రంపపు పొట్టు, చిరిగిన కోట్లు కుక్కాడు. వేసవిలో ఆ రేకుల కింద ఊరికే నిలబడితే చాలు, ఒక్క గుద్దు గుద్దకుండానే బరువు తగ్గొచ్చు. కొత్తగా చేరినవాళ్ళు ముక్కులు మూసుకుని, ఇంకా ఒంటెల కంపు పోలేదనేవాళ్ళు.

"ఒంటెలు పోయి చాలా ఏళ్ళయింది. అది మీ అన్నల చెమట" అనేవాడు పెదనాన్న.

కుడిచేతి మూడు వేళ్ళు ముడుచుకోవు. కుర్రాళ్ళ చేతులకి పట్టీ చుట్టేటప్పుడు ఒక కొస పళ్ళతో పట్టుకునేవాడు. దెబ్బ తిన్న ప్రతివాణ్ణీ గడ్డం పట్టుకుని గుమ్మం వెలుతురులోకి లాక్కెళ్ళి కళ్ళలోకి చూసేవాడు. చూపు కాస్త తడబడినట్టు అనిపించినా సరే, ఇక కొన్ని వారాలు వాడికి తాడు గెంతడం, నీళ్ళు మోయడం తప్ప ఇంకేమీ ఉండదు. ఎంత బతిమాలినా గ్లవ్స్ ఇచ్చేవాడు కాదు. బౌల్డర్‌లో అంతటి జాగ్రత్తపరుణ్ణి నేను చూడలేదు.

అలాంటి మనిషిని ఊరు పిలిచిన పేరు "బిళ్ళ మర్చిపోయిన జోరీ". బార్ల ముందునుంచి నడిచి వెళ్తుంటే ఎవడో ఒకడు అరిచేవాడు: "జోరీ, కోటు మర్చిపోయావు. ఓ, ఒంటిమీదే ఉందిలే." ఆయన టోపీ అంచు తాకి నవ్వినట్టు చేసి వెళ్ళిపోయేవాడు. బాక్సింగ్ నేర్పేవాడికి కావలసిన మొదటి ఆస్తి, తల్లులు పిల్లల తలలు నమ్మి అప్పగించడం. ఆయనకి లేనిది అదొక్కటే. తన ప్రాణం తాను చూసుకోలేనివాడు మన పిల్లాణ్ణి చూస్తాడా అని అడిగే తల్లులు వీధికొకరు ఉండేవాళ్ళు. వచ్చే కుర్రాళ్ళందరూ ఇంట్లో చెప్పకుండా వచ్చేవాళ్ళు, లేదా చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేనివాళ్ళు.

నేను మొదటి రకం. బడి మానేసి గనిలో చేరాక, షిఫ్టు అయిపోగానే జిమ్ముకి వెళ్ళేవాణ్ణి. అమ్మకి గ్రంథాలయానికని చెప్పేవాణ్ణి. అక్కడికీ వెళ్ళేవాణ్ణి, అది అబద్ధం కాదు. పెదనాన్నకి రెండూ తెలుసు.

"నువ్వు గ్లవ్స్ తొడుక్కున్న గుమాస్తావిరా" అనేవాడు నన్ను. "గుద్దేముందు ఆలోచిస్తావు. అవతలివాడు ఆలోచించడు."

ఆ జిమ్ములో నిజంగా గుద్దగలిగినవాడు స్టిపే. గనికి కట్టెలు కొట్టి పంపే, దల్మేషియా నుంచి వలసొచ్చినవాళ్ళ కుర్రాడు. మాటలు తక్కువ, భుజాలు ఎక్కువ. వాళ్ళమ్మ మారా మొదట ఒప్పుకోలేదు. ఒకరోజు జిమ్ముకే వచ్చి, తలకి గుడ్డ కట్టుకుని, గుమ్మంలో నిలబడి పెదనాన్నని నిలదీసింది.

"మీ బిళ్ళ మీరు చూసుకోలేదంట. మా వాడి తల చూసుకుంటారా?"

పెదనాన్న ఒక పెట్టె లాగి సంచుల పక్కన వేశాడు. "మీరే వచ్చి చూడండమ్మా. రోజూ వచ్చి కూర్చోండి" అన్నాడు.

ఆవిడ నిజంగానే వచ్చింది. ఊలు తెచ్చుకుని, సంచుల పక్కన పెట్టె మీద కూర్చుని, స్వెట్టర్ అల్లుతూ ఒక చలికాలమంతా చూసింది. తర్వాత రావడం మానేసింది. ఊళ్ళో ఒక్క తల్లి నమ్మకం సంపాదించడానికి ఆయనకి ఒక చలికాలం పట్టింది.

స్టిపే ఒక్కొక్కణ్ణీ ఓడిస్తూ వచ్చి పెర్త్‌లో రాష్ట్ర టైటిల్ పోటీకి ఎంపికయ్యాడు. పెదనాన్న ఆడలేకపోయిన పోటీ. ఇక కావలసింది మూలన కూర్చునే అనుమతి. రౌండ్ల మధ్య కుర్రాడికి నీళ్ళిచ్చి, గాయం తుడిచి, ఆట ఆపాలా వద్దా అని తేల్చేవాడు మూలన కూర్చునేవాడే. ఆ అనుమతి ఇవ్వాల్సింది మా ఊరి బాక్సింగ్ సంఘం కార్యదర్శి ట్రజియన్. గనిలో పెద్ద మేనేజరుగా చేసి దిగినవాడు. ఆయన వద్దన్నాడు.

"నీమీద నాకు కోపమేమీ లేదు జోరీ" అన్నాడట. "కాని భద్రత విషయంలో తప్పుచేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణి ఒక కుర్రాడి ప్రాణానికి కాపలా పెట్టానంటే పెర్త్ వాళ్ళు నా మొహాన ఉమ్మేస్తారు. ఆ మచ్చ పోగొట్టుకుని రా, సంతోషంగా పంపిస్తాను."

ఆ సాయంత్రం జిమ్ములో అందరం ట్రజియన్‌ని తిట్టాం. నా నోటి దురద కొద్దీ నేను నాన్నని కూడా కలిపాను. "ఇంట్లోవాడే ఊరుకోకపోతే ట్రజియన్‌ని అని ఏం లాభం? మా నాన్న కొత్తగా చేరినవాళ్ళందరికీ పెదనాన్న కథే పాఠం చెప్తాడు" అన్నాను.

అప్పటికి నాన్న షిఫ్టు బాసు. కొత్తవాళ్ళని బోర్డుల ముందు నిలబెట్టి మొదటిరోజు మాట్లాడడం ఆయన పని. నేను చేరిన రోజు కూడా విన్నాను. చిన్నప్పటినుంచీ వింటున్న కథే కాబట్టి పట్టించుకోలేదు.

స్టిపే చేతికి పట్టీ చుడుతున్న పెదనాన్న ఆగాడు. పళ్ళమధ్య పట్టీ కొస అలాగే ఉంది. దాన్ని తీసి, "ఏం పాఠం?" అన్నాడు.

"అదే, మీ బిళ్ళ కథ."

"ఎలా చెప్తాడో అలా చెప్పు."

నేను నాన్న గొంతు బాగా అనుకరిస్తాను. నడుం మీద చేతులు పెట్టుకుని, దగ్గు కూడా కలిపి, నాన్నలాగే మొదలుపెట్టాను. "అబ్బాయిలూ, ఈ రెండు బోర్డులూ మీ అమ్మానాన్నా అనుకోండి. పరాయివాడి సంగతెందుకు, నా సొంత అన్ననే చూడండి. ఈ ఊరు కన్న గొప్ప బాక్సరు. ఒక్క పొద్దున, ఒక్క పొద్దున బద్ధకించాడు..."

కుర్రాళ్ళు పడీ పడీ నవ్వారు. పెదనాన్న నవ్వలేదు. స్టిపే చేతికి పట్టీ చివరిదాకా చుట్టాడు, జాగ్రత్తగా, ముడత లేకుండా. తర్వాత మళ్ళీ విప్పేశాడు.

"ఇవాళ్టికి చాలు, ఇళ్ళకి పొండి" అన్నాడు అందరితో. "నువ్వుండు" అన్నాడు నాతో.

అప్పుడు చెప్పాడు, నాయనమ్మ ఆసుపత్రికి రావడం, ఒట్టు, అంతా. గొంతు పెంచలేదు. గనిలో ఏ సొరంగం ఎటు పోతుందో చెప్పినట్టు చెప్పాడు. "వాడు చెప్పలేదంటే భయపడ్డాడనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను. భయపడేవాణ్ణి నేను అర్థం చేసుకోగలను" అన్నాడు. "ఎవరూ అడక్కుండా రోజూ నించుని చెప్తున్నాడంటే, అది భయం కాదు కదరా."

నేను ఇంటికి వెళ్ళేసరికి నాన్న వెనక వరండాలో బనీనుతో కూర్చుని రొప్పుతున్నాడు. రాతిదుమ్ము అప్పటికే ఆయన ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. ఇక గనిలోకి దిగొద్దని డాక్టరు ఆ నెలలోనే తేల్చాడు. వచ్చే ఆదివారం యూనియన్ హాల్లో వీడ్కోలు సభ పెట్టారు.

"రెండు బిళ్ళలూ మీరే మార్చారు" అన్నాను.

ఆయన బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు. "చెప్పాడా?" అన్నాడు. "ఇన్నాళ్ళకి చెప్పాడన్నమాట."

"మీరెప్పుడు చెప్తారు?"

వంటింట్లోంచి అమ్మ బయటికొచ్చింది, చేతులకి పిండి. "ఏమిట్రా చెప్పేది? నిన్ను కడుపులో పెట్టుకుని నేను ఎన్ని రాత్రులు నిద్రపోలేదో అది కూడా చెప్పమను మీ పెదనాన్నని. మిమ్మల్ని బతికించుకోవడం కోసం..."

"ఐవీ, నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు నాన్న. నావైపు తిరిగాడు. "ఇప్పుడు నాకు పోయేదేముంది. ఉద్యోగం ఊపిరితో పాటే పోయింది. ఇల్లు ఎప్పుడో సొంతమైంది. ఆదివారం హాల్లో ట్రజియన్ కూడా ఉంటాడు. అందరి ముందూ లేచి చెప్తాను. వెళ్ళి మీ పెదనాన్నతో చెప్పు, వచ్చి ముందు వరసలో కూర్చోమను."

నమ్మాను. తప్పుచేసినవాడికి పోయేదేమీ మిగలకపోతే నిజం చెబుతాడని నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్ళెవరూ మా నాన్నని ఎరగరు. మంచివాడనిపించుకోవడం అనే ఆస్తి ఒకటి ఆయనకి ఇంకా మిగిలే ఉంది.

పెదనాన్నకి వెళ్ళి చెప్పాను. మర్నాడు నేను వెళ్ళేసరికి, మారా చేత నల్లకోటుకి గుండీలు కుట్టించుకుంటున్నాడు. "పాత గుండీలు పట్టడం లేదమ్మా, ఒళ్ళొచ్చింది" అంటున్నాడు సిగ్గుపడుతూ.

"పెళ్ళికొడుకు ముస్తాబేంటో" అంది మారా దారం కొరుకుతూ.

"పెళ్ళికంటే పెద్ద పని" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. టీ, కుంకుమపువ్వు వేసిన కేకులు, బల్లలకి తెల్లగుడ్డలు. ముందు వరసలో నేను, పెదనాన్న, ఆయన పక్కన స్టిపే. ఎదురుగా వేదిక మీద ట్రజియన్, యూనియన్ పెద్దలు. నాన్నకి గడియారం బహూకరించారు. మాట్లాడమన్నారు. ఆయన లేచి, బల్ల పట్టుకుని, ఊపిరి కూడదీసుకున్నాడు. నన్నూ పెదనాన్ననీ చూశాడు.

"ఈ పూట నా గురించి కాదు, మా అన్న గురించి మాట్లాడాలని లేచాను" అన్నాడు.

పెదనాన్న ముందుకి వంగాడు. బాగున్న ఎడంచెయ్యి తను కూర్చున్న కుర్చీ అంచుని పట్టుకుంది.

"మీ అందరికీ తెలిసిన కథే. మా ఇంట్లో అందరం దాని బరువు మోశాం. నేను ఎక్కువ మోశాను." నాన్న గొంతు వణికింది. నిజంగానే వణికింది, అది నటన కాదు, అదే నాకు అసహ్యం. "రోజూ పక్కపక్కన వేలాడిన బిళ్ళలు మావి. ఆ రోజు..."

ఆగాడు. అమ్మ రెండో వరసలో ఉంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు, కాని నాన్న చూపు ఎక్కడికెళ్ళిందో చూశాను.

"ఆ రోజు జరిగింది జరిగిపోయింది" అన్నాడు. "మనిషన్నాక ఒక్క పొరపాటు చెయ్యడా? దానికి మా అన్న చెయ్యి ఇచ్చాడు, టైటిల్ ఇచ్చాడు, ఉద్యోగం ఇచ్చాడు. ఇంకా ఎన్నాళ్ళు శిక్షిస్తాం? ట్రజియన్ గారూ, ఊపిరి లేనివాణ్ణి, చివరిసారి అడుగుతున్నాను. మా అన్నని క్షమించండి. ఆ కుర్రాడి మూలన కూర్చోనివ్వండి."

మొదట ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు. తర్వాత హాలంతా. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎంత మంచి తమ్ముడని వెనక నుంచి ఎవరో అన్నారు. ట్రజియన్ లేచి, వేదిక దిగి వచ్చి, పెదనాన్న ముందు చెయ్యి చాపాడు. "గడిచింది గడిచిపోయింది జోరీ. పెర్త్ వెళ్ళిరా" అన్నాడు.

పెదనాన్న కూర్చునే ఉన్నాడు. నేను ఆయన మోకాలు తాకి, "చెప్పండి, ఇప్పుడే లేచి చెప్పండి" అన్నాను. అటుపక్క స్టిపే ఆయన కోటు చెయ్యి పట్టుకున్నాడు. వాడికి ఏమీ తెలీదు. వాడి మొహం వెలిగిపోతోంది. వాడికి కావలసింది మూలన ఆయన ఉండడం, అంతే. ఆయన ఇప్పుడు లేచి నిజం చెప్తే, చావుకి దగ్గరపడ్డ తమ్ముడు చేతులు జోడించి బతిమాలుతుంటే వాడిమీదే నేరం మోపిన అన్న అవుతాడు. ట్రజియన్ చాపిన చెయ్యి వెనక్కి వెళ్ళిపోతుంది. అది నాకంటే ముందే ఆయనకి అర్థమైంది. బాక్సరు కదా, దెబ్బ ఎటునుంచి వస్తుందో చూడగలడు, చూసినా తప్పుకోలేని దెబ్బలు కూడా ఉంటాయి.

లేచాడు. ట్రజియన్ చేతిలో తన వంకర చెయ్యి పెట్టాడు.

"చాలా థాంక్సండీ" అన్నాడు. హాలుకి కూడా వినపడేలా ఇంకోసారి అన్నాడు.

బయట మెట్ల దగ్గర నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "పని అయింది కదా అన్నయ్యా. నువ్వు కోరుకున్నది అదే కదా" అన్నాడు. నాన్న మొహంలో దొంగతనమేమీ లేదు. ఎంతో ఉపకారం చేసినవాడి అలసట ఉంది. తాను నిజంగా మేలే చేశానని నమ్ముతున్నాడు. పెదనాన్న తన భుజం మీది చేతిని నెమ్మదిగా తీసి, కిందికి వదిలి, "ఇంటికెళ్ళు హెడ్లీ, ఎండగా ఉంది" అన్నాడు.

పెర్త్‌లో స్టిపే గెలిచాడు. మధ్యలో వాడి కనుబొమ చిట్లితే పెదనాన్న ఎడంచేత్తోనే నెత్తురు కట్టేసి వాణ్ణి నిలబెట్టాడని పేపర్లు రాశాయి. అప్పటినుంచీ తల్లులు పిల్లల్ని చెయ్యి పట్టుకుని జిమ్ముకి తీసుకొస్తున్నారు. బార్ల ముందు ఇప్పుడెవరూ కోటు జోకు వెయ్యరు. "పాపం జోరీ" అంటారు. నాకు ఆ జోకే నయమనిపించేది. గనిలో నాన్న స్థానంలోకి వచ్చిన కొత్త షిఫ్టు బాసు కొత్తవాళ్ళకి అదే పాఠం చెప్తున్నాడు, చివర ఇంకో ముక్క కలిపి: చూశారా, తప్పు చేసినవాడు కూడా బాగుపడతాడు, అయినవాళ్ళు మంచివాళ్ళయితే.

ఆ మాట విన్న వారమే నేను నా బిళ్ళ వాపసు ఇచ్చేశాను. ఫ్రీమాంటిల్ రేవులో కూలిపని ఉందంటే పొద్దున రైలుకి బయలుదేరాను. నాన్నతో ఏమీ మాట్లాడలేదు. దారిలో జిమ్ముకి వెళ్ళాను. పెదనాన్న ఒక్కడే ఉన్నాడు. చిరిగిన సంచిని నేలమీద పరుచుకుని, పెద్ద సూదితో కుడుతున్నాడు.

"గుమాస్తా పారిపోతున్నాడన్నమాట" అన్నాడు తల ఎత్తకుండానే.

"పోయేముందు ఊరందరికీ చెప్పి పోతాను. బేకరీ ముందు నిలబడి చెప్తాను."

"చెప్పు. పాపం, తండ్రితో పడదు, పుస్తకాలు చదివి చెడిపోయాడు అంటారు. తర్వాత రొట్టె కొనుక్కుని వెళ్ళిపోతారు."

"మరి మీరు? ఆయన ఇంకా ఎన్నాళ్ళో ఉండడు. ఒక్కసారైనా వెళ్ళి మొహం మీద అడగరా?"

సూది లాగడం ఆపాడు. దారం చేతికి చుట్టుకున్నాడు.

"ఏం అడగనురా" అన్నాడు. "ఇన్నేళ్ళూ వాడొచ్చి ఒక్కమాట అంటే చాలు, పోనీలే తమ్ముడూ అందామని దాచిపెట్టుకుని కూర్చున్నాను. నా దగ్గరున్నది అదొక్కటే. ఇప్పుడు ఊరంతా కలిసి నన్నే క్షమించేశారు, నేను థాంక్స్ కూడా చెప్పాను. ఇక వాడొచ్చి ఆ గుమ్మంలో నిలబడినా, వాడికివ్వడానికి నా దగ్గర ఏముంది?"